అమ్మానాన్నలతో ఆర్.వి. ప్రయాణం: సవానా నుంచి సెయింట్ అగస్టిన్ దాకా

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు. నయాగరా, వాషింగ్టన్, ఆర్లాండో చూపించడం అయిపోతుంది. ఆ తర్వాత ఎక్కడికి తీసుకెళ్ళాలన్నది మన ఇళ్ళల్లో ఏటా వచ్చే ప్రశ్నే. నాన్నగారికి షుగర్, అమ్మకి మోకాళ్ళ నొప్పులు. కారులో వెళితే గంటకోసారి బాత్‌రూమ్ కోసం ఎగ్జిట్ వెతుక్కోవాలి. హోటల్లో దిగితే మూడో రోజుకల్లా "కాస్త చారన్నం ఉంటే బాగుండు" అంటారు. మంచం, వంటిల్లు, బాత్‌రూమ్ అన్నీ వెంట వచ్చే మోటార్‌హోమ్ (ఇక్కడివాళ్ళు ఆర్.వి. అంటారు) వీళ్ళకి సరిగ్గా సరిపోతుంది. మేముండేది అట్లాంటా కాబట్టి మాకు వీలైన దారి జార్జియా, ఉత్తర ఫ్లోరిడా తీరం. మిత్రులు చాలామంది వివరాలు అడుగుతున్నారని ఇది రాస్తున్నాను.

మొదట ఒక మాట. సవానా 1733లో, సెయింట్ అగస్టిన్ 1565లో పుట్టిన ఊళ్ళు. నడిచేవాళ్ళకీ గుర్రబ్బళ్ళకీ వేసిన వీధులవి. పన్నెండడుగుల ఎత్తు బండి అక్కడి పార్కింగ్ గరాజుల్లో పట్టదు, సందుల్లో తిరగదు. అందుకని ఊళ్ళ జాబితా పక్కన పెట్టి ముందు మకాములు ఖాయం చేసుకోండి. బండిని క్యాంప్‌గ్రౌండ్‌లో నిలిపేసి టాక్సీలోనో సైకిళ్ళ మీదో ఊళ్ళోకి వెళ్ళాలి. ఇద్దరు డ్రైవర్లుంటే ఒకరు మామూలు కారు వెంట తెచ్చుకోవడం అన్నిటికన్నా సుఖం.

బండి సంగతి. క్లాస్ ఏ అంటే బస్సంత, క్లాస్ బి వ్యానంత, క్లాస్ సి ఆ రెంటికీ మధ్య. అయిదుగురికి 25-28 అడుగుల క్లాస్ సి చాలు, మామూలు డ్రైవింగ్ లైసెన్సుతో నడపొచ్చు. "ఆరుగురు పడుకోవచ్చు" అని రాసి ఉంటే అది మంచాల లెక్క. మీరు అడగాల్సింది సీటు బెల్టుల లెక్క. పిల్లల కారు సీటు బిగించడానికి ముందుకి చూసే సీటు ఉండాలి, పక్కకి తిరిగి ఉన్న సోఫా పనికిరాదు. బండి కదులుతుండగా వెనక మంచం మీద నడుం వాలుస్తామని పెద్దవాళ్ళు తప్పకుండా అంటారు. మొహమాటపడకుండా వద్దనండి. సడన్ బ్రేకు పడితే ఆ వయసులో తుంటి ఎముక విరగడం చిన్న విషయం కాదు. డ్రైవరు నెత్తి మీది మంచానికి నిచ్చెనెక్కాలి, అది పిల్లలకి వదిలేయండి. గుమ్మం మెట్లు కూడా ఎత్తుగా ఉంటాయి, ఒక గట్టి పీట వెంట ఉంచుకోండి. క్రెడిట్ కార్డులిచ్చే అద్దె కారు ఇన్స్యూరెన్స్ సాధారణంగా ఆర్.వి.కి వర్తించదు. మీ కారు పాలసీ వర్తిస్తుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక రిజర్వేషన్. ఈ దారిలో దొరకడం కష్టమైనది సెయింట్ అగస్టిన్ పక్కనే ఉన్న అనస్టాసియా స్టేట్ పార్కు. ఫ్లోరిడా వాసులకి 11 నెలల ముందు, బయటివాళ్ళకి 10 నెలల ముందు బుకింగ్ తెరుస్తారు (ఈ తేడా 2024 జనవరి నుంచి వచ్చింది). మార్చి సెలవులకి వెళ్ళాలంటే ముందటి మే నెలలోనే కూర్చోవాలన్నమాట. అది దొరికాకే వెనక్కి లెక్క వేసుకుంటూ జెకిల్ ఐలండ్, సవానా దగ్గర స్కిడవే ఐలండ్ స్టేట్ పార్కు తీసుకోండి. మాకు నచ్చిన లెక్క స్కిడవేలో రెండు రాత్రులు, జెకిల్‌లో రెండు, అనస్టాసియాలో మూడు. అట్లాంటా నుంచి సవానా 250 మైళ్ళు, అక్కణ్ణుంచి జెకిల్ సుమారు 90, ఆ తర్వాత సెయింట్ అగస్టిన్ ఇంకో వంద. మొదటి రోజు తప్ప ఎప్పుడూ మూడు గంటలకి మించి నడపనక్కర్లేదు. తిరుగు ప్రయాణం 400 మైళ్ళకి కాస్త తక్కువ, పెద్దవాళ్ళుంటే మధ్యలో ఒక రాత్రి ఆగడం మంచిది. చార్ల్స్టన్ కూడా కలపాలంటే పది రోజులు కావాలి. వారంలో ఇరికిస్తే ఏదీ చూసినట్టుండదు.

సవానాలో చెట్ల నీడన ఉండే చౌకులు (22 మిగిలాయి) పెద్దవాళ్ళకి హాయి, ప్రతి చౌకులోనూ బల్లలుంటాయి. నదీతీరానికి దిగే దారుల్లో మాత్రం ఓడల్లో బరువు కోసం తెచ్చిన ఎగుడుదిగుడు రాళ్ళు పరిచారు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు జాగ్రత్త. ఇంకో సంగతి నాన్నగారికి చెప్పండి, ఆసక్తిగా వింటారు. ఈ తీరపు చిత్తడి నేలలు ఒకప్పుడు వరిపొలాలు. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టి తెచ్చినవాళ్ళకి ఉన్న వరిసేద్యపు నేర్పుతో, వాళ్ళ చాకిరీతో ఇక్కడి భూస్వాములు కోట్లు గడించారు. వాళ్ళ సంతతి గల్లా గీచీ ప్రజలు ఇప్పటికీ ఈ దీవుల్లో ఉన్నారు.

సవానాకి తూర్పున, టైబీ ఐలండ్‌కి వెళ్ళే యు.ఎస్. 80 రోడ్డు మీద ఫోర్ట్ పులాస్కీ వస్తుంది. పెద్ద పోటు వచ్చిన రోజుల్లో ఆ రోడ్డు మీదికి ఉప్పునీరు ఎక్కుతుంది, బయల్దేరే ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోండి. ఈ కోటనీ సెయింట్ అగస్టిన్‌లోని కాస్తియో దె సాన్ మార్కోస్‌నీ ఒకే ప్రయాణంలో చూడాలని నా అభిప్రాయం. పులాస్కీ గోడ ఏడున్నర అడుగుల మందం ఇటుక కట్టడం, ఫిరంగులకి లొంగదనుకున్నారు. 1862 ఏప్రిల్‌లో టైబీ మీద నిలబెట్టిన కొత్తరకం మరగొట్టాల ఫిరంగులు 30 గంటల్లో దానికి కన్నం పెట్టాయి. ఆ మూల నేటికీ గుంటలతో కనిపిస్తుంది. కాస్తియో 1672లో మొదలై 1695లో పూర్తయింది. దాని రాయి కొకీనా, అంటే చిన్న చిన్న గవ్వలు అతుక్కుని గట్టిపడ్డ సముద్రపు రాయి. గుల్లగా ఉండటంతో గుండు తగిలితే పగలకుండా లోపలికి దిగబడేది. 1702లో ఇంగ్లీషువాళ్ళు ముట్టడిస్తే ఊరి జనమంతా దాదాపు 50 రోజులు ఆ గోడల మధ్యే తలదాచుకున్నారు. కోట చెక్కుచెదరలేదు గాని, వెళ్తూ వెళ్తూ వాళ్ళు ఊరు తగలబెట్టిపోయారు. ఆ రాయి తవ్విన పాత గని మీరు మకాం వేసే అనస్టాసియా పార్కులోనే ఉంది! జెకిల్‌లో 1743 నాటి హోర్టన్ హౌస్ గోడలు కూడా చూడదగ్గవి. ఆల్చిప్పలు కాల్చిన సున్నం, ఇసుక, చిప్పలు కలిపి పోసిన కట్టడం. మన కోస్తా ఊళ్ళలో గుల్ల సున్నం ఎరిగిన పెద్దలు చూడగానే పోల్చుకుంటారు.

సెయింట్ అగస్టిన్‌కి దక్షిణాన ఫోర్ట్ మటాన్జాస్‌కి నేషనల్ పార్కువాళ్ళు ఉచితంగా పడవలో తీసుకెళ్తారు. ముందే ఫోన్ చేసి పడవ నడుస్తోందో లేదో కనుక్కుంటే ఎండలో నిలబడే బాధ తప్పుతుంది.

వంట దగ్గర ఒక లెక్క ఉంది. 30 ఆంపుల కనెక్షన్ అంటే 120 వోల్టుల మీద 3600 వాట్లు. ఏ.సి. సుమారు 1500, ఇండక్షన్ పొయ్యి 1800. వీటి పైన మైక్రోవేవ్ వేశారంటే బ్రేకర్ పడిపోతుంది. కరెంటు స్తంభానికి సాధారణంగా విడిగా 20 ఆంపుల ప్లగ్గు కూడా ఉంటుంది. ఇండక్షన్ పొయ్యి, రైస్ కుక్కర్ బయట బల్ల మీద పెట్టి దానికి తగిలించండి. పోపు కూడా బయటే వేస్తే పొగ అలారం మోగదు, పరుపులకి ఇంగువ వాసన పట్టదు. పొడులు, పచ్చళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోండి.

అనస్టాసియాలో సైటు దగ్గర నీళ్ళు, కరెంటు ఉంటాయి గాని మురుగు కనెక్షన్ ఉండదు, వెళ్ళేటప్పుడు డంప్ స్టేషన్లో ఖాళీ చేయాలి. ముందు టాయిలెట్ ట్యాంకు, తర్వాత స్నానం-సింకు ట్యాంకు వదలాలి. అలా చేస్తే రెండో నీళ్ళు గొట్టాన్ని కడిగేస్తాయి. మన అలవాటు ప్రకారం టాయిలెట్లో నీళ్ళు ఎక్కువ వాడటం ఆ ట్యాంకుకి మంచిదే, కాకపోతే త్వరగా నిండుతుంది. స్నానాలకి పార్కు బాత్‌రూములే వాడుకోండి, బండిలో వేడినీళ్ళు సాధారణంగా ఆరు గ్యాలన్లే.

జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుపానుల కాలం. పార్కు మూసేస్తే క్యాంప్‌గ్రౌండ్ డబ్బు తిరిగి రావచ్చు, బండి అద్దె సంగతి మాత్రం ఒప్పందంలో ముందే చదువుకోండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో వాతావరణం బాగుంటుంది గాని సాయంత్రం పూట కంటికి ఆనని ఇసుక దోమలు కుడతాయి. అమ్మకి పొడుగు చేతుల జాకెట్టు, అందరికీ దోమల మందు తప్పనిసరి. మంచినీటి గుంటల ఒడ్డున పిల్లల్ని ఒంటరిగా వదలకండి, మొసళ్ళుంటాయి.