హైదరాబాద్ తూఫాన్స్: వేలం లెక్క, ముందువరుస కూర్పు

తూఫాన్స్ హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ పేరున ఆడే పురుషుల జట్టు. ఏళ్ల తరబడి ఆగిన లీగ్‌ను తిరిగి మొదలుపెట్టేందుకు 2024 అక్టోబరులో ఢిల్లీలో వేలం జరిగింది. ఒక్కో పురుషుల జట్టుకు ఖర్చు పరిమితి 4 కోట్ల రూపాయలు. అందులోనే 24 మందిని కూర్చుకోవాల్సి వచ్చింది. విదేశీయులు 8 మంది.

తూఫాన్స్ 68 లక్షలు గొంజాలో పెయిలాట్ ఒక్కడికే పెట్టింది. అతను ఫార్వర్డ్ కాడు, పెనాల్టీ కార్నర్లను గోల్ చేసే డ్రాగ్‌ఫ్లికర్. ఇక పరిమితి మొత్తం ఖర్చు చేసినా మిగతా 23 మందికి తలకు సగటున 14 లక్షల పైచిలుకే. దాడికి టిమ్ బ్రాండ్, మైకో కసెల్లా, శిలానంద్ లక్రా వంటి పలువురిని తీసుకుంది. తెలివైన బేరమే అనాలి: హాకీలో మార్పిడులకు పరిమితి లేదు, బాగా పరుగెత్తే ఫార్వర్డ్‌లను తరచూ బెంచీకి పిలుస్తారు. అక్కడ ఒక్క తార కన్నా లోతు ముఖ్యం. 2005 నుంచి వేతన పరిమితి ఉన్న ఉత్తర అమెరికా ఐస్‌హాకీ లీగ్‌లోనూ ముగ్గురేసి ఫార్వర్డ్‌ల నాలుగు వరుసలు నింపడమే అసలు చిక్కు.

ఆ కూర్పుతోనే ఆడి, 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగిన లీగ్ ఫైనల్లో తూఫాన్స్ 3-4 తేడాతో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడింది.