కంపైలరుకు కొలబద్ద

మనము వ్రాసిన సూత్రములను గణకయంత్రము నేరుగా గ్రహింపజాలదు. వానిని యంత్రభాషలోనికి మార్చు దుబాసీయే కంపైలరు. 1957లో జాన్ బాకస్ బృందము ఐ.బి.ఎం. 704 యంత్రమునకు ఫోర్ట్రాన్ కంపైలరును సమకూర్చినప్పుడు, నిపుణుడు స్వయముగా వ్రాసిన దానికి దుబాసీ పలుకు సాటివచ్చునా యని పలువురు సందేహించిరి. సందేహము తీరవలెనన్న కొలత కావలెను.

ఇంగ్లండులోని వెట్‌స్టోన్ గ్రామమున తయారైన ఆల్గాల్ కంపైలరుకు ఆ ఊరిపేరే నిలిచెను. దానిమీద బ్రయన్ విచ్‌మన్ సేకరించిన లెక్కల ననుసరించి, 1972లో హెరాల్డ్ కర్నో వ్రాసిన పరీక్షకును అదే పేరు. 1984లో రైన్‌హోల్డ్ వైకర్ మరియొక పరీక్ష కల్పించి డ్రైస్టోన్ అనెను. ‘వెట్’ తడి యైనచో ఇది పొడి! ఈ చమత్కారము మాకు ముచ్చటగా తోచినది.

అయితే, తెలివిగల కంపైలరు ఫలితముతో అక్కరలేని లెక్కను గుర్తించి అసలు చేయకయే విడిచిపెట్టును. అది దోషము కాదు, నేర్పు. కాని చేయని పనికి వేగమెక్కడిది? కొనువారు నమ్మునది ఆ అంకెనే కదా! 1988లో వైకర్ ఆ సందులను మూయుచు రెండవ రూపమును వెలువరించెను.

పరిమాణము సంగతియు కలదు. వేగమునకై కంపైలరు ఒకే ఆదేశములను పలుమారు వరుసగా పరచును. ప్రోగ్రాము మితిమీరి ఉబ్బినచో, ప్రాసెసరు చెంతనుండు చిన్న స్మృతిలో ఇమడక మరల నెమ్మదించును. అందుచేత నేడు ఎల్.ఎల్.వి.ఎం. వంటి కంపైలర్ల నిర్మాతలు కాలమును, పరిమాణమును రెంటిని కొలుతురు. క్రొత్తది పాతదానికంటె వెనుకబడినచో, ఏ మార్పు దానిని చెరచినదో వెదకి పట్టుకొందురు.