మెట్ల కింది ఇన్వర్టర్

2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి కోట్ల ఇళ్లు చీకటైపోయాయి. మన ఊళ్లకు ఆ దెబ్బ తగల్లేదు, దక్షిణాది గ్రిడ్ అప్పటికి విడిగా నడిచేది కాబట్టి. కానీ ఆ విడితనమే ఇంకోవైపు మనల్ని కొట్టింది. కరెంటు చాలనప్పుడు ఉత్తరాది నుంచి తెచ్చుకునే దారులు తక్కువ. కోతలు భరించలేక చాలామంది ఇన్వర్టర్ కొన్నారు.

2013 డిసెంబర్ 31న రాయచూర్–సోలాపూర్ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. తర్వాత కోతలు తగ్గాయి, మెట్ల కింది బ్యాటరీని మర్చిపోయాం. అయితే గాలివానకు ఊళ్లో తీగ తెగితే ఏ గ్రిడ్డూ ఆదుకోదు. ఆ రాత్రి అమ్మానాన్నలకు ఆ బ్యాటరీయే దిక్కు. చార్జింగ్‌లో దాని నీళ్లు తగ్గుతూ ఉంటాయి. ఈసారి ఫోన్‌లో అడగండి: డిస్టిల్డ్ వాటర్ పోయించారా? కుళాయి నీళ్లు మాత్రం వద్దని చెప్పండి.