ఇంటిపన్ను మీద మూడు శాతం

బోస్టన్ పడమటి శివార్లలో ఇల్లు కొన్న కొత్తలో పన్ను బిల్లులోని ఒక పంక్తి నాకు బోధపడలేదు. అసలు పన్నుకు దిగువన సి.పి.ఏ. అనే పొడి అక్షరాలు, వాటి పక్కన చిన్న మొత్తం. 6,000 డాలర్ల పన్ను కట్టేవారికి, మినహాయింపులేవీ లేకపోతే, 180 డాలర్లు. ఎవరిని అడిగినా "ఏదో పార్కుల పన్నులెండి" అన్నారే తప్ప వివరం చెప్పలేదు. ఆ వివరం వెతుక్కుంటూ వెళితే ఒక చరిత్ర ఎదురైంది.

కమ్యూనిటీ ప్రిజర్వేషన్ యాక్ట్ అనే ఈ మసాచుసెట్స్ చట్టంపై 2000 సెప్టెంబరు 14న గవర్నరు పాల్ సెలూచీ సంతకం చేశారు. దాని మూలాలు మాత్రం ఇంకా వెనక ఉన్నాయి. నాన్‌టకెట్ ద్వీపంలో 1983 నాటి ప్రత్యేక చట్టంతో, భూమి కొనేవారి నుంచి రెండు శాతం రుసుము తీసుకుని ఖాళీ నేలలను కాపాడే పద్ధతి మొదలైంది. కేప్ కాడ్ ప్రాంతంలోనూ అటువంటి రుసుమే పెట్టబోతే 1998 జనవరిలో ఓటర్లు తిరస్కరించారు. అదే ఏడాది నవంబరులో ఇంటిపన్నుపై మూడు శాతం అదనంగా వేద్దామంటే ఒప్పుకున్నారు! కొనుగోలు రోజున ఒక్కసారిగా కట్టడం కన్న ఏటా కొంచెం కొంచెం కట్టడం మనిషికి సులువనిపిస్తుంది కాబోలు.

రాష్ట్రమంతటికీ చట్టం చేసేటప్పుడు చిక్కు వచ్చింది. పొలాలూ అడవులూ కొని పక్కన పెడితే మిగిలిన నేల ధర పెరుగుతుంది, సామాన్యుడికి ఇల్లు దొరకదు. అందుచేత ప్రకృతి ప్రేమికులు, పాత కట్టడాల అభిమానులు, పేదల ఇళ్ళ కోసం పోరాడేవారు ఒక్కటై రాజీకి వచ్చారు. ఏటా వచ్చే సొమ్ములో ఖాళీ స్థలాలకు పదోవంతు, చారిత్రక సంపదకు పదోవంతు, అందుబాటు ధరల ఇళ్ళకు పదోవంతు తప్పనిసరిగా ఖర్చుపెట్టాలి, లేదా విడిగా దాచాలి. మిగిలినది ఈ మూడింటికి గాని, ఆటస్థలాలకు గాని. చట్టాన్ని స్వీకరించాలా వద్దా అన్నది ఆయా ఊళ్ళ ఓటర్ల ఇష్టం. బోస్టన్ నగరం 2001లో కాదన్నది, 2016లో ఔనన్నది.

నన్ను ఆకర్షించింది డబ్బు లెక్క కాదు, దానికి కాపలా ఉన్న సంఘం. ఐదుగురి నుంచి తొమ్మిదిమంది వరకు సభ్యులు. పర్యావరణ పరిరక్షణ, చరిత్ర, ప్రణాళిక, పార్కులు, గృహవసతి, ఈ ఐదు విభాగాల ప్రతినిధులు అందులో ఉండి తీరాలి. ఈ సంఘానికి ఒక్క డాలరైనా మంజూరు చేసే అధికారం లేదు, సిఫారసు మాత్రమే చేయగలదు. మంజూరు చేయవలసింది ఊరి టౌన్ మీటింగు, నగరమైతే కౌన్సిలు. కాని సిఫారసు లేనిదే మంజూరూ లేదు. పైవారు మొత్తాన్ని తగ్గించవచ్చు, తోసిపుచ్చవచ్చు, ఒక్క డాలరు పెంచలేరు. వట్టి సలహాదారు అనిపించుకుంటూనే వాకిలి తాళం తన దగ్గర పెట్టుకున్న సంఘమిది.

మన వైపు 1960 నాటి చట్టం కింద గ్రంథాలయ సెస్సు కూడా ఇంటిపన్నుతోనే వసూలవుతూ వచ్చింది. ఆ సొమ్ము ఏ పుస్తకాలకు వెళ్ళిందని మా నాన్నగారు అడిగిన గుర్తు నాకు లేదు. అడగడానికి ఎక్కడికి వెళ్ళాలో ఆయనకు తెలుసునని కూడా అనుకోను.

సంఘం చెప్పిందీ, పైవారు ఒప్పుకున్నదీ కోర్టులో నిలబడాలి మరి. ఆక్టన్ అనే ఊళ్ళో ఒక చర్చి రంగుగాజు కిటికీల బాగుకు నిధులిస్తే పన్ను చెల్లింపుదారులు దావా వేశారు. ఆ కిటికీలలో ఒకదానిపై క్రీస్తు రూపం ఉంది. 2018లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ ఖర్చును ఆపింది. అంతకు ముందు 2008లో న్యూటన్ నగరపు పాత పార్కుల కేసులో, ఈ నిధితో కొనని ఆటస్థలాలను ఈ నిధితో బాగుచేయకూడదని తీర్పు వచ్చింది. 2012లో చట్టాన్ని సవరించాక గాని ఆ అడ్డు తొలగలేదు.

ఆ సవరణ పుణ్యాన 2014లో మా ఊరి పాత మైదానంలో క్రికెట్ పిచ్ కోసం మేము కొందరం దరఖాస్తు పెట్టాము. అప్పటికి నాది గ్రీన్ కార్డు. పన్ను కట్టేవాణ్ణే గాని టౌన్ మీటింగులో చెయ్యెత్తే హక్కు లేదు. చట్టప్రకారం ఏటా జరపవలసిన బహిరంగ విచారణలో మాత్రం నా పౌరసత్వం ఎవరూ అడగలేదు. గ్రంథాలయం కింది గదిలో బల్లకు అవతల ఏడుగురు, ఇవతల మేము పదిమందిమి. పిచ్ పొడవెంత, బంతి దెబ్బ దారిన పోయేవారికి తగలదా, బేస్‌బాల్ పిల్లల వేళల మాటేమిటి అని గంటసేపు అడిగారు. చరిత్ర విభాగం నుంచి వచ్చిన పెద్దావిడ, ఈ రాష్ట్రంలో ఒకప్పుడు క్రికెట్ ఆడేవారని తక్కినవారికి చెప్పింది. అడిగినదానిలో కొంత తగ్గించి సిఫారసు చేశారు.

టౌన్ మీటింగు రాత్రి ఓటులేనివారి వరుసలో, హైస్కూలు హాలు చివర కూర్చున్నాను. మా అంశం రావడానికి పదిన్నర దాటింది. చేతులు లేచాయి. లెక్కపెట్టనక్కరలేదని సభాధ్యక్షుడు ప్రకటించి తరువాతి అంశానికి వెళ్ళిపోయాడు.