బొంతలో దూది లేదు



నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే పత్రికలవాళ్ళు "అతుకుల బొంత" అని వెక్కిరిస్తారు. ఆ బొంత ఎవరు కుట్టారో, ఎవరు కప్పుకున్నారో మాత్రం రాయరు.

పల్నాడు చరిత్ర అంటే మనకు నేర్పింది కోడిపందెం, కారంపూడి యుద్ధం. బ్రహ్మనాయుడి చాపకూడు గురించీ, మాల కన్నమదాసు వీరత్వం గురించీ గొప్పగా చెప్పుకుంటాం. చాప మీద కలిసి తిన్నవాళ్ళు రాత్రి ఎవరి వాడకు వాళ్ళు పోయి ఏం కప్పుకున్నారో ఏ కథా చెప్పదు.

బొంతకు పెట్టుబడి ఒక లావు సూది, ఒక దారపుండ. మిగతాదంతా ఇంట్లో పాతబడిందే. మెత్తబడ్డ పంచెలు, చిరిగిన లంగాలు లోపలి పొరలకు. కాస్త గట్టిగా ఉన్న నేత చీరలు పైకీ కిందికీ. నాలుగైదు పొరలు ముడత లేకుండా నేలమీద పరిచి, అంచుల మీద రాళ్ళు పెట్టి, ముందు దూరం దూరం కుట్లతో పొరలు జరగకుండా పట్టేస్తారు. తర్వాత అంచు నుంచి వేలెడు ఎడంతో వరసలు. కుట్టు ఎంత దగ్గరైతే బొంతకు అంత ఆయుష్షు. చిరిగితే పారెయ్యరు, మాసిక వేస్తారు. మాసికను చూసి అది ఎవరి చీరో చెప్పేవాళ్ళు మా ఇంట్లో.

గమనించండి, ఇందులో ఎక్కడా దూది లేదు. పల్నాటి నల్లరేగడిలో పత్తి ఏరింది మన ఆడవాళ్ళే. ఏరిన పత్తి తూకమై పోయింది. దూదేకులవాళ్ళు ఏకిన దూదితో పరుపు ఆసామి మంచమెక్కింది. పైగా మాలల్లో చాలామంది ఒకప్పుడు ముతకబట్ట నేసినవాళ్ళు. మిల్లుబట్ట వచ్చి మగ్గం మూలపడ్డాక ఆ చేతులు కూలికి పోయాయి. గుడ్డ నేసినవాళ్ళే పాతగుడ్డలు అతుక్కోవాల్సి వచ్చింది.

అమెరికాలో అలబామా రాష్ట్రపు జీస్ బెండ్‌లో బానిసల వారసులైన నల్లజాతి స్త్రీలు ఇట్లాగే చిరిగిన పనిబట్టలతో బొంతలు కుట్టారు. అక్కడా పత్తి చేలే! ఓటు నమోదుకు పోయినందుకు కుటుంబాలను భూముల నుంచి గెంటేసిన ఆ ప్రాంతంలోనే 1966లో 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో జీస్ బెండ్ బొంతలు న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడకెక్కాయి. 2006లో తపాలా బిళ్ళల మీదికి వచ్చాయి. మాకు రావాల్సింది రాలేదని 2007లో కొందరు కోర్టుకూ వెళ్ళారు. అందుకే మ్యూజియం గోడ ఒక్కటే చాలని నేననను.

ఇప్పుడన్నీ పాలిస్టర్ చీరలు. చెమట పీల్చవు, పొర మీద పొర నిలవదు. బజార్లో దుప్పటి చవక. కర్నూలు పడమటి మండలాల నుంచి మిర్చి కోతలకొచ్చే కూలీల మూటల్లో మాత్రం బొంతలు ఇంకా కనిపిస్తున్నాయి.

నరసరావుపేట, గురజాల, మాచర్ల హాస్టళ్ళలో చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు పాత బొంత దింపి అమ్మమ్మనో నాయనమ్మనో పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ మాసిక ఎవరిది, ఏ ఏటిది, ఎవరి చేలో చేసిన కూలితో కొన్న చీర, అడిగి రాసుకోండి. పేర్లతో సహా.