కొయ్యూరు కాల్పులు: కోర్టు మెట్లెక్కని సాక్ష్యం

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద మన్యం దళం విరుచుకుపడింది. తుపాకులు పట్టుకుపోయే ముందు, ఏమేం తీసుకున్నదీ స్టేషన్ పుస్తకంలో రాయించి అల్లూరి సీతారామరాజు కింద సంతకం చేశాడు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు స్టేషన్లలో కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరికాయి. దాడి చేసినవాడే చేసినదంతా రాసిపెట్టి వెళ్లాడు.

అదే మనిషి చావు దగ్గరికి వచ్చేసరికి ప్రభుత్వం కాగితం మీద పెట్టినది ఒక్క మాట: పారిపోబోతుంటే కాల్చాం.

పితూరీ వెనుక కారణాలు కొండల్లో అందరికీ తెలిసినవే. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు నేరమైంది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి వేసే రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత కూలి సరిగా ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. కొండ ఊళ్ల పెత్తనం చూసే ముఠాదారుల పాత హక్కులూ కరిగిపోయాయి. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు రాజు వెంట నడిచింది ఈ కడుపుమంటతోనే.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో దళం మాటు వేసి స్కాట్ కవర్డ్, హేటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను చంపింది. ముందు నడిచిన భారతీయ పోలీసులను మాత్రం ఏమీ చేయకుండా వదిలేసింది. ఎవరిని చంపాలో, ఎవరిని వదలాలో ఎంచి చూసిన తిరుగుబాటు ఇది. దాన్ని అణచడానికి మలబార్ స్పెషల్ పోలీసులు వచ్చారు, తర్వాత అస్సాం రైఫిల్స్ దిగింది. 1924లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక కమిషనర్‌గా వచ్చాడు.

ఆ ఏడాది మే 6న జరిగిన కాల్పుల్లో రాజు అనుచరుడు అగ్గిరాజు పట్టుబడ్డాడు. మర్నాడు, 1924 మే 7న, మంప దగ్గర సీతారామరాజు దొరికాడు. స్నానం చేస్తుండగా చుట్టుముట్టారన్నది ఎక్కువగా వినిపించే కథనం. తానున్న చోటు పోలీసులకు చెప్పమని రాజే ఒక పశువుల కాపరితో కబురు పంపాడని కూడా చెప్పుకుంటారు. ప్రజలను ఇంకా హింసించకుండా ఆపడానికే ఆయన అలా చేశాడని ఆ కథ చెప్పేవారి నమ్మకం. పట్టుకున్న రాజును కొయ్యూరులో మకాం వేసిన మేజర్ గూడాల్ దగ్గరికి తెచ్చారు. ఆ మనిషి అక్కడి నుంచి ప్రాణంతో కదలలేదు. 27 ఏళ్లు నిండలేదు.

‘అల్లూరి సీతారామరాజు’ సినిమాలో జగ్గయ్య వేసిన రూథర్‌ఫర్డ్ వేషం పుణ్యమా అని ఈ చావు అనగానే చాలామందికి ఆయనే గుర్తొస్తాడు. కానీ కాల్పుల చోట ఖైదీ ప్రాణానికి బాధ్యుడైన అధికారి గూడాల్. ఆ పేరు మరవకూడదు.

ఇక రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఖైదీ పారిపోబోయాడని సర్కారు అంటుంది. చెట్టుకు కట్టి కాల్చారని మన్యం అంటుంది. కట్టిన కట్ల గురించి, చెట్టు గురించి మన్యం చెప్పే ప్రతి వివరాన్నీ ఈనాడు రుజువు చేయలేం. అయినా నిరాయుధుడై, సాయుధుల నడుమ చిక్కిన మనిషిని మళ్లీ పట్టుకోలేక చంపాల్సి వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు. అంతకు ముందే 1923లో పట్టుబడ్డ మల్లుదొరను కోర్టులో నిలబెట్టారు, అగ్గిరాజునూ విచారించి అండమాన్ పంపారు. అనుచరులకు న్యాయస్థానం ఉంది, నాయకుడికి లేకపోయింది. రాజు బోనులో నిలబడి ఉంటే బాస్టియన్ రోడ్డు గురించి, అడవి చట్టం గురించి చెప్పేవాడు. అది రికార్డులోకి ఎక్కేది.

మే 8న శవాన్ని ఫోటో తీయించి కృష్ణదేవిపేటలో దహనం చేశారు. చనిపోయింది రాజేనని నిరూపించుకోవడానికి అంత శ్రద్ధ తీసుకున్నవారు, ఎలా చనిపోయాడో తేల్చడానికి ఒక్క బహిరంగ విచారణ కూడా జరపలేదు.

విచారణ జరపడం ఆ ప్రభుత్వానికి తెలియని పనేమీ కాదు. ఇదే మద్రాసు రాజధానిలో 1921 నవంబరులో తిరూర్ నుంచి పోదనూరుకు మూసిన రైలు వ్యాగన్‌లో తరలించిన మాప్పిళ్ల (మలబార్ ముస్లిం) ఖైదీల్లో దాదాపు 70 మంది ఊపిరాడక చనిపోయారు. దేశమంతా అట్టుడికింది. నాప్ అధ్యక్షతన కమిటీ వేశారు, సార్జెంట్ ఆండ్రూస్ మీద కేసూ నడిచింది. శిక్ష పడకపోయినా వ్యవహారం కాగితాల మీదికి వచ్చింది, చరిత్రకారులకు చేతికందింది. కొయ్యూరుకు అదీ దక్కలేదు.

1924 జూన్‌లో గంటందొర కూడా తూటాలకు బలయ్యాడు. మల్లుదొర మాత్రం శిక్ష అనుభవించి బయటికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు రాజు పేరు పెట్టారు. మంప, కొయ్యూరు ఆ జిల్లాలోనివే. అక్కడి బగత, కొండదొర, వాల్మీకి ఇళ్లలో తాతలు చెప్పగా విన్న మాటలున్నాయి. విన్నది ఎవరు, వారికి చెప్పింది ఎవరు, చూసింది ఎక్కడి నుంచి అని ఒక్కొక్కటే అడిగి, వారి మాటల్లోనే రికార్డు చేసి, సర్కారు కాగితాల పక్కన పెట్టాలి. విగ్రహాలకు ఖర్చు పెట్టే జిల్లా ఈ పనికీ మనుషులను పెట్టాలి, అదీ ఆలస్యం చేయకుండా.