కోతమొన మీద ధార

టూలు మీద నీళ్లు పోయడం 19వ శతాబ్దపు టర్నర్లకు కొత్తేమీ కాదు. లేత్ పైన చిన్న డబ్బా వేలాడదీసి, చుక్కచుక్కగా పడనిచ్చేవారు. అది పని నునుపుగా రావడానికే, వేగం కోసం కాదు.

ఆ నీళ్లను లెక్కలోకి తెచ్చినవాడు ఫ్రెడరిక్ టేలర్. 1880లలో, ఫిలడెల్ఫియాలోని మిడ్‌వేల్ స్టీల్ కంపెనీలో పనిచేస్తూ, చిప్ లోహాన్ని వదిలే చోటే పెద్ద ధార పడితే కోత వేగం 30 నుంచి 40 శాతం పెంచవచ్చని తేల్చాడు. తుప్పు పట్టకుండా ఆ నీళ్లలో సోడా కలిపారు. 1884లో కట్టిన కొత్త షాపులో, పోసిన నీళ్లు కాలువల్లో పారి మళ్లీ తొట్టికి చేరే ఏర్పాటు చేశారు. ధార ఎంత అన్నదొక్కటే కాకుండా, ఎక్కడ పడాలన్నది కూడా పరీక్షించి చెప్పడమే టేలర్ గొప్పతనమని నా నమ్మకం. తర్వాత వచ్చినదంతా ఆ ప్రశ్నకు జవాబులే.

అంతలో స్టెయిన్‌లెస్ స్టీల్ వచ్చింది. 1912లో జర్మనీలో క్రుప్ సంస్థ పేటెంట్లకు దరఖాస్తు చేసింది. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ దాదాపు 13 శాతం క్రోమియం ఉన్న ఉక్కు పోత పోశాడు. తుప్పు పట్టని ఈ లోహం టూళ్లను మాత్రం తినేసింది. మనకు బాగా తెలిసిన 304 రకాన్నే చూడండి. అది వేడిని మామూలు ఉక్కుతో పోలిస్తే మూడోవంతే ప్రసరింపజేస్తుంది. పుట్టిన వేడి వస్తువులోకి పోలేక టూలు మొన దగ్గరే నిలిచిపోతుంది. పైగా మొద్దుబారిన టూలు కోయకుండా రుద్దితే పైపొర గట్టిపడుతుంది. మరుసటి కోతలో టూలు ఆ గట్టి పొరనే ఢీకొంటుంది. లోహం మొనకు అతుక్కుపోవడం ఇంకో బెడద. అందుకే గంధకం కలిపిన కటింగ్ ఆయిల్స్ వాడారు. నీళ్లలో కరిగే నూనెతో చేసే పాలరంగు కూలెంట్ కూడా వాడుకలోకి వచ్చింది. నీరు వేడిని లాగుతుంది, నూనె రాపిడి తగ్గిస్తుంది.

అయినా ఒక చిక్కు మిగిలింది. మండే మొన దగ్గర కూలెంట్ ఆవిరై, ఆ ఆవిరి పొరే వెనక వచ్చే ద్రవాన్ని అడ్డుకుంటుంది. 1952లో అమెరికాలో పిగట్, కోల్వెల్ అనే ఇంజనీర్లు సన్నని ధారను ఒత్తిడితో కోతమొన దగ్గరికి కొట్టి, టూలు ఆయుష్షు బాగా పెరిగిందని చూపారు. నేటి సీఎన్‌సీ యంత్రాల్లో 70 బార్ ఒత్తిడి మామూలే. మొండిగా సాగే స్టెయిన్‌లెస్ చిప్‌ను ఆ ధార ముక్కలుగా విరగ్గొడుతుంది కూడా.

మిల్లింగ్‌లో సంగతి వేరు. తిరిగే కట్టర్ పన్ను కోతలోకి దిగి కాగి, బయటికొచ్చి కూలెంట్‌లో తడిసి చల్లారుతుంది. ఇలా పదేపదే జరిగితే కార్బైడ్ ఇన్సర్ట్‌కు పగుళ్లు వస్తాయి. కాబట్టి గట్టి ఉక్కు రకాలను చాలా చోట్ల గాలి ఊదుతూ పొడిగానే కోస్తారు, లేదా గంటకు కొద్ది మిల్లీలీటర్ల నూనెను గాలిలో తుంపరగా పంపుతారు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌ను కూడా వాడుతున్నారు. అయితే దానికయ్యే ఏర్పాటు చిన్న షాపులకు భారం.

లేత్ ముందు నిలబడే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఖరీదైన కూలెంట్ కొనే ముందు ఒక్కసారి నాజిల్ ఎటు తిరిగి ఉందో చూడండి. టూలు ముట్టకముందే ధార మొదలవ్వాలి, కోత ముగిసేదాకా ఆగకూడదు.